స్కేలు రాయడం ఎందుకు మానేశాం?

పదో తరగతి గణితం పేపర్లో గ్రాఫ్ ప్రశ్న గుర్తుందా? గీత గీయడం అయిపోయాక కాగితం పైమూల ఒక చిన్న పెట్టె గీసి, అందులో 'స్కేలు: ఎక్స్ అక్షంపై 1 సెం.మీ. = 1 యూనిట్, వై అక్షంపై 1 సెం.మీ. = 2 యూనిట్లు' అని రాసేవాళ్లం. అది రాయకపోతే మార్కు పోతుందని సార్లు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవాళ్లు. బెల్ కొట్టడానికి రెండు నిమిషాలే ఉన్నా సరే, ముందు స్కేలు రాసేవాళ్లం.

తర్వాత ఇంజినీరింగ్‌కు వచ్చాం. గ్రాఫ్ పేపర్ పోయి ల్యాప్‌టాప్ వచ్చింది. ఒక్క లైను కొడితే బొమ్మ వచ్చేస్తోంది. మరి స్కేలు ఎవరు రాస్తున్నారు? సాఫ్ట్‌వేర్. ఎంత రాస్తోంది, ఎందుకలా రాస్తోంది అని చూడటం మనం మానేశాం. ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లకు ఈ మానేసిన అలవాటు ఎంత ఖరీదవుతుందో చెప్పాలనే ఈ నాలుగు మాటలు. నా వరకు అది ఒక ఉద్యోగమంత ఖరీదైంది.

ఎర్ర చుక్క ఎటువైపు?

మాది అగళి. కర్ణాటక సరిహద్దును ఆనుకున్న మండలం. బీటెక్ అయ్యాక అందరిలాగే బెంగళూరు వెళ్లాను. రెజ్యూమేలో ఒక ప్రాజెక్టు గొప్పగా పెట్టుకున్నాను. భూకంప తరంగాలు ఏ దిక్కు నుంచి వచ్చాయో అనేక సెన్సర్ల రికార్డులతో కనిపెట్టే పైథాన్ ప్రోగ్రామ్. ఇంటర్నెట్‌లో దొరికిన డేటా, ఇంటర్నెట్‌లో దొరికిన కోడ్. చివర్లో రంగురంగుల గుండ్రటి బొమ్మ, మధ్యలో ఎర్ర చుక్క.

ఇంటర్వ్యూలో ఉన్న ఆయన బొమ్మ చూసి అడిగారు: 'తరంగం ఎటు నుంచి వచ్చింది?' 'వాయవ్యం నుంచి సార్' అన్నాను. లెక్కలో అదే వచ్చింది కాబట్టి ధైర్యంగానే చెప్పాను. 'మరి మీ బొమ్మలో చుక్క ఆగ్నేయంలో ఉందేం?' అన్నారు. నాకు నోట మాట రాలేదు. లెక్క తప్పా, బొమ్మ తప్పా అన్నది కూడా చెప్పలేకపోయాను. ఉద్యోగం రాలేదు. ఆ ఒక్క ప్రశ్నతోనే పోయిందని అనను. కానీ తిరుగు రైల్లో నా బుర్రంతా ఆ ప్రశ్నే.

విచిత్రం ఏమిటంటే, ఆ ప్రశ్నకు జవాబు నేర్పగల చోటు ఆ రైలు దారిలోనే ఉంది.

మన పక్కూరి 20 చెవులు

బెంగళూరు నుంచి ధర్మవరం వైపు వచ్చే రైలు హిందూపురం కన్నా ముందు గౌరిబిదనూరులో ఆగుతుంది. మనలో చాలామందికి అదొక స్టేషన్ పేరు మాత్రమే. కానీ అక్కడ 1965 నుంచి ఒక భూకంప పరిశీలన వ్యవస్థ ఉంది. ఇప్పుడు మనం బార్క్ అని పిలిచే భాభా అణు పరిశోధన కేంద్రం, బ్రిటన్ అణుశక్తి సంస్థ సహకారంతో దాన్ని ఏర్పాటు చేసింది. ఇంగ్లిష్ 'ఎల్' అక్షరం ఆకారంలో, రెండు చేతులుగా, సుమారు రెండున్నర కిలోమీటర్లకు ఒకటి చొప్పున 20 సీస్మోమీటర్లు. ఇలా ఒక పద్ధతిలో పరిచిన సెన్సర్ల గుంపునే 'అర్రే' అంటారు. స్కాట్లాండ్‌లోని ఎస్క్‌డేల్‌మ్యూర్, కెనడాలోని ఎల్లోనైఫ్, ఆస్ట్రేలియాలోని వారముంగా దీని తోబుట్టువులు.

ఎందుకు పెట్టారంటే, 1963 ఒప్పందం గాలిలో, నీటిలో, అంతరిక్షంలో అణుపరీక్షలను నిషేధించింది. దాంతో పరీక్షలు భూమి లోపలికి వెళ్లాయి. వాటిని దూరం నుంచి పసిగట్టాలంటే నేల చెప్పేది వినాలి. పెనుకొండ కొండలూ మా అగళి చుట్టూ ఉన్న బండలూ ఎలాంటి పాత గట్టి రాయో, గౌరిబిదనూరు కింద ఉన్నదీ అలాంటిదే. సముద్రపు హోరుకు దూరం. చెవి ఒగ్గి వినడానికి మంచి చోటు.

ఒక్క సెన్సర్ ఉంటే 'ఏదో కదిలింది' అని తెలుస్తుంది. 20 ఉంటే తరంగం ముందు ఏ సెన్సర్‌ను తాకింది, తర్వాత దేన్ని తాకింది అన్న చిన్న చిన్న తేడాలు దొరుకుతాయి. ఆ తేడాల నుంచే దిక్కు, వేగం లెక్క కడతారు. అర్రే విద్య అంతా ఆ తేడాల్లోనే ఉంది. ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఆ తేడాలు తెరమీద కనపడాలా వద్దా అన్నది తేల్చేది అక్షాల అమరికే.

ఒక పిక్సెల్‌లో మాయమైన సమాచారం

ఒక లెక్క చేద్దాం. జపాన్ దగ్గర భూకంపం వచ్చిందనుకోండి. దూరం దాదాపు 6,700 కి.మీ. అంత దూరం నుంచి వచ్చే మొదటి తరంగం, అంటే పి తరంగం, భూమి లోతుల నుంచి నిటారుగా పైకి వస్తుంది. అందుకని మన సెన్సర్ల మీదుగా సెకనుకు సుమారు 16 కి.మీ. వేగంతో దాటినట్లు కనిపిస్తుంది. అర్రే చెయ్యి పొడవు లెక్క కోసం 24 కి.మీ. అనుకుందాం. ఈ చివర నుంచి ఆ చివరకు చేరడానికి పట్టేది ఒకటిన్నర సెకను.

ఇప్పుడు గంటసేపటి రికార్డును తెరిచారు. గంటకు 3,600 సెకన్లు. మీ తెర వెడల్పు 1,920 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు దాదాపు రెండు సెకన్లు. అంటే 20 సెన్సర్లు కలిసి చెప్పే సమాచారం మొత్తం ఒక్క పిక్సెల్‌లోపే మునిగిపోయింది! గీతలన్నీ ఒకేసారి లేచినట్లు కనిపిస్తాయి. 'తేడా ఏమీ లేదు' అనుకుని ఫైల్ మూసేస్తారు. అదే ఎక్స్ అక్షాన్ని 20 సెకన్లకు కుదించండి. ఒకటిన్నర సెకను తేడా దాదాపు 150 పిక్సెళ్లు అవుతుంది. గీతలు మెట్లు మెట్లుగా పక్కకు జరుగుతూ కనిపిస్తాయి. డేటా మారలేదు. మారింది మీరు చూసిన కిటికీ.

ఇక ఎత్తు సంగతి. 20 గీతలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ప్రతి గీతకూ దాని సొంత స్కేలు పెడితే అన్నీ ఒకే ఎత్తులో, ముచ్చటగా కనిపిస్తాయి. కానీ అందులో ఒక సెన్సర్ చెడిపోయి చిన్న కరెంటు గోల మాత్రమే రాస్తుంటే? ఆ గోలను కూడా సాఫ్ట్‌వేర్ సాగదీసి పెద్ద కెరటంలా చూపిస్తుంది. అందరికీ ఒకే స్కేలు పెడితే ఆ సెన్సర్ చదునైన గీతగా దొరికిపోతుంది. అయితే ఒకే స్కేలులో ఇంకో ఇబ్బంది. ఒక సెన్సర్ పక్కనుంచి లారీ వెళ్తే ఆ గీత ఆకాశానికి లేచి, మిగతా 19 నేలకు అంటుకుపోతాయి.

ఏది సరైనది అంటే రెండూ సరైనవే. ఏ ప్రశ్నకు ఏది అన్నదే తెలియాలి. అల ఎప్పుడు వచ్చిందో చూడాలంటే సొంత స్కేలు, ఎంత బలంగా వచ్చిందో చూడాలంటే ఉమ్మడి స్కేలు. ఇక్కడ మెలిక చూడండి. భూకంప శాస్త్రంలో ఎన్నో ఏళ్లుగా వాడుతున్న 'శాక్' ప్రోగ్రామ్‌లో మీరేమీ మార్చకపోతే ప్రతి గీతకు సొంత స్కేలు వస్తుంది. పైథాన్‌లోని 'అబ్స్‌పై'లో మీరేమీ మార్చకపోతే అన్నిటికీ ఒకే స్కేలు వస్తుంది. ఒకే డేటా, రెండు సాఫ్ట్‌వేర్లు, రెండు వేర్వేరు కథలు. రెండింటిలోనూ మీరు కొట్టింది ఒక్క 'ప్లాట్' మాటే.

వాయవ్యం ఆగ్నేయమైన తీరు

ఇప్పుడు నా ఎర్ర చుక్క సంగతి. 1998 మే 28న పాకిస్తాన్ చాగై జిల్లాలో అణుపరీక్షలు జరిపినప్పుడు ఆ ప్రకంపనలను గౌరిబిదనూరు అర్రే నమోదు చేసింది. చాగై అక్కడికి దాదాపు 2,100 కి.మీ. దూరం. దిక్కు ఉత్తరం నుంచి గడియారం ముల్లు తిరిగే వైపు కొలిస్తే సుమారు 325 డిగ్రీలు. అంటే వాయవ్యం. భూకంప శాస్త్రంలో దిక్కులను ఇలాగే కొలుస్తారు: సున్నా ఉత్తరాన, పెరగడం గడియారం వైపు.

కానీ పైథాన్‌లో బొమ్మలు గీసే 'మ్యాట్‌ప్లాట్‌లిబ్' గుండ్రటి ప్లాట్ అలా అనుకోదు. మనం ఇంటర్‌లో త్రికోణమితి చదివిన తీరులో సున్నా తూర్పున ఉంటుంది, కోణం గడియారానికి ఎదురు దిశలో పెరుగుతుంది. ఈ ప్లాట్ మీద 325 పెడితే చుక్క ఎక్కడ పడుతుంది? తూర్పు నుంచి 35 డిగ్రీలు కిందికి. అంటే ఆగ్నేయం! పాకిస్తాన్‌లో జరిగిన పేలుడు బంగాళాఖాతంలో జరిగినట్లు కనిపిస్తుంది. వాస్తు సిద్ధాంతి కూడా ఇంత దిక్కు మార్చడు.

సరిచేయడానికి రెండే లైన్లు. సున్నాను ఉత్తరానికి పెట్టమని ఒకటి, గడియారం దిశలో తిరగమని ఇంకొకటి. నా ప్రాజెక్టులో లేనివి ఆ రెండు లైన్లే. లెక్క అంతా సరిగ్గానే ఉంది. ఇంటర్వ్యూలో కూర్చున్న మనిషి మాత్రం లెక్కను చూడలేదు, బొమ్మను చూశాడు. రేపు ఉద్యోగంలో మీ మేనేజరూ అంతే. నిర్ణయాలు బొమ్మ చూసి జరుగుతాయి.

టైం విషయంలోనూ ఇదే తంటా. చాగై పరీక్ష సమయం ప్రపంచ కాలమానం, అంటే యూటీసీ ప్రకారం ఉదయం 10:16. మనకు మధ్యాహ్నం 3:46. ఐదున్నర గంటల తేడా. రికార్డులన్నీ యూటీసీలోనే ఉంటాయి. పేపర్లో వచ్చిన మన టైం పట్టుకుని ఫైల్లో 15:46 దగ్గర వెతికితే అక్కడ ఏమీ ఉండదు. అక్షం కింద 'టైం' అని రాసి వదిలేయకుండా ఏ టైమో రాయడానికి పట్టేది మూడు అక్షరాలు.

ఏమీ లేకపోయినా ఎర్ర చుక్క

అన్నిటికన్నా ప్రమాదకరమైంది రంగు. తరంగ శక్తిని రంగుల్లో చూపించేటప్పుడు సాఫ్ట్‌వేర్ మామూలుగా ఏం చేస్తుంది? ఉన్నవాటిలో అతి పెద్ద విలువకు ఎర్ర రంగు, అతి చిన్నదానికి నీలం వేస్తుంది. అంటే భూకంపం ఉన్నా లేకపోయినా బొమ్మలో ఎక్కడో ఒకచోట ఎరుపు ఉండి తీరుతుంది! ఉత్త గాలి గోలలోనూ ఒక 'దిక్కు' దొరుకుతుంది. నివారణ సులువే. రంగుల హద్దులు మీరే బిగించి, భూకంపానికి ముందు రికార్డునూ తర్వాతి రికార్డునూ అదే హద్దులతో పక్కపక్కన గీయండి. నిజంగా ఏదైనా వచ్చి ఉంటే అప్పుడు తెలుస్తుంది.

హద్దుల గురించే ఇంకో మాట, ఇది కాపీ కొట్టేవాళ్లకు. అబ్స్‌పై పాఠంలో అర్రే లెక్కకు ఒక ఉదాహరణ ఉంది. మ్యూనిక్‌లో ఒక ఎత్తయిన భవనాన్ని పేల్చి కూల్చినప్పుడు తీసిన రికార్డు అది. దగ్గరలో జరిగిన పేలుడు, నేల పైపొరల్లో నెమ్మదిగా నడిచే తరంగాలు. అందుకే అందులో 'స్లోనెస్' అనే విలువను, అంటే ఒక కిలోమీటరు దాటడానికి ఎన్ని సెకన్లు అన్నదాన్ని, మైనస్ 3 నుంచి ప్లస్ 3 వరకు 0.03 చొప్పున వెతికారు. ఇదే కోడ్‌ను జపాన్ భూకంపానికి వాడితే? సెకనుకు 16 కి.మీ. అంటే స్లోనెస్ సుమారు 0.06. వెతికే గళ్లలో నడిమి గడి నుంచి రెండే గళ్లు. అంత దగ్గర్లో దిక్కు ఏం తేలుతుంది? పోనీ అని హద్దును 0.1కి కుదిస్తే, సెకనుకు 3 కి.మీ. నడిచే ఉపరితల తరంగం విలువ 0.33 కాబట్టి గడుల బయట పడుతుంది. 'ఇక్కడ లేదు' అని సాఫ్ట్‌వేర్ చెప్పదు. ఉన్నంతలో పెద్ద విలువను పట్టుకుని అంచు దగ్గర చుక్క పెట్టేస్తుంది. చుక్క అంచుకు అంటుకుని ఉంటే ముందు అనుమానించాల్సింది హద్దునే.

గమనించారా, ఇది చూపించే అమరిక మాత్రమే కాదు, లెక్క అమరిక కూడా. ఏ మీట నొక్కితే బొమ్మ మాత్రమే మారుతుంది, ఏది నొక్కితే జవాబే మారుతుంది అన్న తేడా తెలిసినవాడే ఆ సాఫ్ట్‌వేర్ వచ్చినవాడు. రెజ్యూమేలో పేరు రాసుకున్నంత మాత్రాన వచ్చినట్లు కాదు.

'మాకెందుకు ఈ భూకంపాలు?'

న్యాయమైన ప్రశ్నే. భూకంప శాస్త్రంలో ఉద్యోగాలు ఎన్నో లేవు. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ, సునామీ హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్, ఢిల్లీలోని జాతీయ భూకంప కేంద్రం, బార్క్, చమురు సంస్థలు. ఆ దారిలో వెళ్లాలనుకునేవాళ్లు గేట్‌లో జియాలజీ, జియోఫిజిక్స్ పేపర్ ఉందని గుర్తుంచుకోండి. కానీ నేను చెబుతున్నది వాళ్లొక్కరికే కాదు. ఫ్యాక్టరీలో మోటారు వణుకును కొలిచే గ్రాఫ్, ఆస్పత్రిలో ఈసీజీ, సర్వర్ మీద లోడ్, బ్యాంకులో అమ్మకాల చార్ట్, అన్నిటికీ ఒక ఎక్స్, ఒక వై, ఒక స్కేలు, ఒక టైం ఉంటాయి. తప్పులూ ఇవే. భూకంపం మనకు పెద్ద ఉదాహరణ మాత్రమే.

'ఇవన్నీ ఇప్పుడు ఏఐ చేసిపెడుతుంది కదన్నా' అని మా ఊరి తమ్ముళ్లు అంటుంటారు. చేసిపెడుతుంది. నా ప్రోగ్రామ్ కూడా చేసిపెట్టింది. వాయవ్యాన్ని ఆగ్నేయంలో పెట్టింది. అడిగినప్పుడు జవాబు చెప్పాల్సింది మాత్రం నేనే. డిఫాల్ట్ అంటే తప్పని కాదు. అది ఎవరో తెలిసినవాళ్లు, వాళ్ల అవసరం కోసం, వాళ్ల డేటా చూసి తీసుకున్న నిర్ణయం. దాన్ని మార్చకుండా వాడితే ఆ నిర్ణయం మీదైపోతుంది, దాని బాధ్యతా మీదే. చాలా ఇంటర్వ్యూల్లో పరీక్షించేది మనకు టూల్ పేరు తెలుసా అని కాదు, మన బొమ్మకు మనం జవాబుదారీగా ఉన్నామా అని.

ఇందులో కాలేజీల వంతూ ఉంది. ల్యాబ్ రికార్డులో ప్రింట్ తీసిన బొమ్మ అతికిస్తే చాలు, సంతకం పడిపోతోంది. 'ఈ అక్షం ఇక్కడ ఎందుకు ఆగింది?' అని ఒక్క వైవాలో అడిగితే, పిల్లలు అన్ని సెమిస్టర్లూ జాగ్రత్త పడతారు. పదో తరగతి సారు ఒక్క మార్కుతో నేర్పింది, నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో ఎందుకు జారిపోవాలి?

ఈ వారం చేయాల్సింది

గౌరిబిదనూరు డేటా కోసం ఆగక్కర్లేదు. హైదరాబాద్ భూకంప కేంద్రం ఫ్రెంచ్ జియోస్కోప్ నెట్‌వర్క్‌లో భాగం. దాని రికార్డులు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అబ్స్‌పై ఉచితం. అర్రే లెక్కలు చేసే జియోప్సీ కూడా ఉచితమే. అందులో ఒక బొమ్మకు పెట్టిన అక్షాల అమరికను ఫైల్‌గా దాచుకుని ఇంకో బొమ్మకు వాడుకోవచ్చు కూడా.

ఏదైనా ఒక పెద్ద భూకంపం రికార్డు తీసుకోండి. దాన్ని మూడు రకాలుగా గీయండి: గంట కిటికీతో, రెండు నిమిషాల కిటికీతో, ఇరవై సెకన్ల కిటికీతో. తర్వాత పౌనఃపున్యం అక్షాన్ని ఒకసారి మామూలుగా, ఒకసారి లాగ్‌లో పెట్టండి. సున్నా నుంచి 50 హెర్ట్జ్ మామూలు అక్షంలో 1 హెర్ట్జ్ లోపలి భాగానికి దక్కేది వందలో రెండు వంతుల చోటే. దూరపు భూకంపం కబుర్లు ఎక్కువగా ఉండేది ఆ కాస్త చోటు చుట్టుపక్కలే. సెన్సర్ల మ్యాప్ గీస్తే రెండు అక్షాలకూ ఒకే కొలత పెట్టండి. లేకపోతే 'ఎల్' ఆకారం సాగిపోయి దిక్కులు వంకరపోతాయి.

ప్రతి బొమ్మ కింద రెండు వాక్యాలు రాయండి. ఈ హద్దులు ఎందుకు పెట్టాను, ఇవి మారిస్తే ఏం కనిపించకుండా పోతుంది అని. ఆ బొమ్మలు నాలుగు రెజ్యూమేకు జతచేయండి. సర్టిఫికెట్లు అందరి దగ్గరా ఉంటాయి. ఈ రెండు వాక్యాలు ఉండేది కొద్దిమంది దగ్గరే.

ఈసారి బెంగళూరు ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు హిందూపురం దాటాక కిటికీలోంచి బయటికి చూడండి. ఆ బండల మధ్య అరవై ఏళ్లుగా కొన్ని చెవులు నేల మాట వింటున్నాయి. స్టేషన్ రాగానే ఫోన్ తీసి మీ ప్రాజెక్టు బొమ్మ ఒక్కసారి తెరవండి. పైమూల స్కేలు ఉందా?